ప్లగ్గు కాల్చొద్దు

ముందు చెప్పాల్సింది ముందే చెప్పేస్తున్నాం. బండి స్టార్టు కాలేదని ప్లగ్గు ఊడదీసి, దాని మీద పెట్రోలు పోసి అగ్గిపుల్ల గీయొద్దు. ఊడదీసిన ప్లగ్గును క్యాపుకు తగిలించి, ఇంజను హెడ్డుకు ఆనించి, నిప్పురవ్వ వస్తోందా లేదా అని కిక్కు కొట్టొద్దు. ఈ రెండు పనులూ ఈ రోజే మానేయాలి. ఎందుకు మానాలో, వాటి బదులు ఏం చేయాలో కింద వివరంగా రాశాం. మానడానికి మాత్రం చివరిదాకా చదవాల్సిన పని లేదు.

టమోటా కోత రోజు సంగతి మదనపల్లె చుట్టుపక్కల ఎవరికీ చెప్పనక్కర్లేదు. క్రేట్లు నిండాయి. మండీలో వేలం మన కోసం ఆగదు. టీవీఎస్ ఎక్సెల్ మోపెడ్ మాత్రం నాలుగు కిక్కులకీ దగ్గి ఊరుకుంటుంది. ‘ప్లగ్గు తడిసిందబ్బా’ అంటాడు పక్కనున్నవాడు. సీటు కింద నుంచి ప్లగ్గు పానా వస్తుంది, ప్లగ్గు ఊడుతుంది, నీళ్ల సీసాలో తెచ్చుకున్న పెట్రోలు మూతెడు దాని మీద పడుతుంది, ఎవరి జేబులోంచో అగ్గిపెట్టె వస్తుంది. భగ్గుమని మండి ఆరిపోతుంది. వేడి ప్లగ్గును తుండుగుడ్డతో పట్టుకుని మళ్లీ బిగిస్తారు. బండి స్టార్టవుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. స్టార్టు కాకుండా ఉండుంటే ఈ అలవాటు ఎప్పుడో పోయేది.

నిజానికి ఆ మంట ప్లగ్గుకు చేసే మేలేమీ లేదు. మీది తడి ఆరుతుంది, అంతే. పొడిగుడ్డతో తుడిచి పది నిమిషాలు ఎండలో పెట్టినా అది ఆరుతుంది. చల్లటి ఊరని ఎంత పేరున్నా మదనపల్లెలో ఆ మాత్రం ఎండకు కరువు లేదు. కార్బన్ సంగతి వేరు. ఇంజను నడుస్తున్నప్పుడు ప్లగ్గు కొన దాదాపు 450 డిగ్రీలు దాటితే, దానికి పట్టిన మసి దానంతట అదే కాలి పోతుంది. మూతెడు పెట్రోలు మంట ఆ పని చేయదు. పెట్రోలు బయట మండితే నల్లటి పొగ వస్తుంది, పొగంటే మసే. మసి వదిలించడానికి మసి పూస్తున్నామన్నమాట. పైగా ప్లగ్గులోని తెల్లటి పింగాణీ ఒక్కసారిగా వేడెక్కి ఒక్కసారిగా చల్లారితే కంటికి కనపడనంత సన్నగా చీలవచ్చు. చీలితే కరెంటు దారి తప్పుతుంది, బండి మిస్సింగ్ కొడుతుంది. అప్పుడేం చేస్తారు? మళ్లీ ఊడదీస్తారు, మళ్లీ కాలుస్తారు.

ప్లగ్గు పోతే పోయింది, దాని ఖరీదెంత! మా భయం మనిషి గురించి. మండేది పెట్రోలు కాదు, దాని ఆవిరి. సున్నాకు నలభై డిగ్రీలు దిగువన, గడ్డకట్టే చలిలో కూడా అంటుకునేంత ఆవిరి పెట్రోలు నుంచి లేస్తుంది. గాలిలో అది నూటికి ఒకటిన్నర వంతు ఉంటే చాలు, నిప్పు తగలగానే మండుతుంది. గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు కాబట్టి పైకి పోయి కలిసిపోదు. నీళ్లలాగా నేలబారున పారుతుంది, పల్లంలో నిలుస్తుంది. మన మెకానిక్ షెడ్లు ఎక్కడుంటాయో గుర్తు చేసుకోండి. రోడ్డు వారగా, టీ అంగడిని ఆనుకుని. గోడకు ఇటుపక్క ప్లగ్గులు కడిగే పెట్రోలు గిన్నె, అటుపక్క బోండాల బాణలి కింద మంట. రెండింటి మధ్య ఒక రేకు.

పెట్రోలు అంటుకుంటే ఏమవుతుందో మన రాష్ట్రానికి కొత్తగా చెప్పాలా? 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద ఒక బైకు బెంగళూరు పోయే బస్సు కింద ఇరుక్కుంది, బస్సు దాన్ని ఈడ్చుకుపోయింది. బైకు ట్యాంకులోంచి కారిన పెట్రోలు అంటుకుంది. బస్సులో పందొమ్మిది మంది కాలిపోయారు. అది రోడ్డు ప్రమాదం, ప్లగ్గు మరమ్మతుతో దానికి సంబంధం లేదు. కానీ అక్కడ అంటుకున్నదీ, గట్టు మీద మన నీళ్ల సీసాలో ఉన్నదీ ఒకటే సరుకు.

రెండో అలవాటు మొదటిదాని కంటే చెడ్డది. మొదటిది తప్పని చెబితే ఒప్పుకునేవాళ్లు ఉన్నారు. రెండోదాన్ని మాత్రం చేయి తిరిగిన మెకానిక్కులు కూడా పరీక్ష అంటారు. ప్లగ్గు ఊడదీశాక హెడ్డులో ఒక రంధ్రం మిగులుతుంది. కిక్కు కొట్టిన ప్రతిసారీ పిస్టన్ పైకొచ్చి, లోపలికి చేరిన పెట్రోలు ఆవిరిని ఆ రంధ్రంలోంచి పిచికారీలా బయటికి తోస్తుంది. సరిగ్గా అక్కడికి జానెడు దూరంలో, మనం ఆనించి పట్టుకున్న ప్లగ్గు మీద పదివేల వోల్టులకు పైబడిన కరెంటుతో రవ్వ పుడుతుంటుంది. ఇంజను లోపల జరగాల్సిన పనిని బయట, మన మొహం ముందు జరిపిస్తున్నాం. బండి ఓవర్‌ఫ్లో అయితే ఆ ఆవిరి మరీ చిక్కగా ఉంటుంది. మనం ప్లగ్గు ఊడదీసేది కూడా అప్పుడే. మా బండి కొత్తది, కార్బురేటర్ లేదు అని ధైర్యపడేవాళ్లకు ఒక మాట. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లలో ఎక్కువ వాటికి ఇంజెక్టర్ ఉంటుంది. తాళం వేసి సెల్ఫ్ నొక్కితే అదీ పెట్రోలు చిమ్ముతుంది. చేతికి కొట్టే షాకు వేరే. గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లయితే నడుస్తున్న ఇంజను ప్లగ్గు వైరు దగ్గరికే పోకూడదు.

మరి రవ్వ వస్తోందో లేదో తెలిసేదెలా? బండిలో ఎప్పుడూ ఒక కొత్త ప్లగ్గు ఉంచుకోండి. అనుమానం వస్తే పాతది తీసి కొత్తది బిగించి కిక్కు కొట్టండి. స్టార్టయితే తప్పు పాత ప్లగ్గుది, కాకపోతే తప్పు వేరే చోట ఉంది, షెడ్డుకు తోసుకుపోండి. మామూలు మనిషికి ఇంతకు మించిన పరీక్ష అక్కర్లేదు. మెకానిక్కు రవ్వ కళ్లారా చూసి తీరాలంటే ముందు హెడ్డు రంధ్రంలో ఒక పాత ప్లగ్గు బిగించి మూయాలి. తర్వాత క్యాపుకు వేరే ప్లగ్గు తగిలించి, పెట్రోలు తడి లేని చోట ఇంజను ఇనుముకు ఆనించి, రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయరుతో పట్టుకుని చూడాలి. రవ్వ పరీక్షించే చిన్న పరికరాలు స్పేరుపార్టుల అంగళ్లలో దొరుకుతాయి. బండి ఓవర్‌ఫ్లో అయిందా, పెట్రోలు కాక్ మూసి, తాళం తీసి జేబులో వేసుకుని, ప్లగ్గు ఊడదీసి క్యాపును దూరంగా తిప్పి, ఆరుబయట, చుట్టుపక్కల బీడీ కూడా లేకుండా చూసుకుని, మొహం పక్కకు పెట్టి నాలుగైదు కిక్కులు కొట్టండి. లోపలున్నది బయటికి పోతుంది. ఆ ఆవిరి చెదిరేదాకా కాసేపు ఆగి, తుడిచిన ప్లగ్గు బిగించుకోండి. తాళం జేబులో ఉండటం ఇక్కడ ప్రాణం లాంటి సంగతి.

ఇప్పుడు ప్లగ్గు ఊడదీయడం గురించి. వేడి ఇంజను మీద ఈ పని చేయకూడదు. చేయి కాలుతుందని అందరికీ తెలుసు, మర పోతుందని కొందరికే తెలుసు. హెడ్డు అల్యూమినియం, ప్లగ్గు ఇనుము. వేడిలో బలవంతంగా తిప్పితే మెత్తనిది ఓడుతుంది, మెత్తనిది హెడ్డే. హెడ్డు మీద అరచేయి ఆనించి ఉంచగలిగేంత చల్లారాలి, అంటే కనీసం అరగంట. కుప్పం వైపు నుంచి కృష్ణగిరి రోడ్డు మీద గంటసేపు తోలుకొచ్చిన బండికి ఇంకాసేపు.

క్యాపును క్యాపు దగ్గరే పట్టి లాగాలి, వైరు పట్టి కాదు. క్యాపు తీశాక, పానా పెట్టే ముందు, ప్లగ్గు చుట్టూ ఉన్న గుంతలో చూడండి. పుంగనూరు ఎర్రమట్టి, కుప్పం గ్రానైటు పొడి, చైను నూనె, అన్నీ అక్కడే చేరి ఉంటాయి. పంక్చరు అంగట్లో గాలి పట్టించి దాన్ని ఊదేయాలి, ఊదేటప్పుడు కళ్లు మూసుకోవాలి. ఊదకుండా ప్లగ్గు తీస్తే ఆ గరుకంతా నేరుగా లోపలికి రాలి బోరును గీస్తుంది. బోరు పోయిందంటే మన రైతుకు రెండు అర్థాలు. పొలంలో బోరు పోతే నీళ్లుండవు, బండిలో బోరు పోతే ఇంజను నూనె తాగుతుంది. మొదటిది మన చేతిలో లేదు.

తీసిన ప్లగ్గును పారేసే ముందు దాని రంగు చూడండి, ఇంజను ఆరోగ్యం దాని కొన మీద రాసి ఉంటుంది. లేత ఇటుక రంగో, బూడిద కలిసిన గోధుమ రంగో ఉంటే అంతా బాగున్నట్టు. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడాలి, చోక్ వేసి మరిచిపోయారేమో చూడాలి. కార్బురేటర్ బండి మీద తరచూ హార్సిలీ హిల్స్ ఎక్కేవాళ్ల ప్లగ్గు కాస్త నల్లబడితే కంగారు పడొద్దు, పన్నెండు వందల మీటర్ల పైన గాలి పలచన. నల్లటి జిడ్డు కారుతుంటే నూనె పైకి వస్తోంది, రింగులో వాల్వు సీళ్లో అరిగాయి. సున్నంలా తెల్లబారి, బొబ్బలెక్కినట్టుంటే అది అన్నిటికంటే ప్రమాదం: ఇంజను కాగిపోతోంది, లేదా ఆ బండికి కాని ప్లగ్గు వేశారు. అలాంటి ప్లగ్గుతో లోడు వేసుకుని ఘాటు ఎక్కకండి.

ఉప్పుకాగితంతో గీకడం కూడా మానుకోవాలి. గీకిన గరుకు పింగాణీ సందులో ఇరుక్కుని తర్వాత బోరులోకి రాలుతుంది, గీతలు పడిన చోట మసి ఇంకా తొందరగా పడుతుంది. మెత్తటి ఇత్తడి బ్రష్షుతో పైపైన తోముకోవచ్చు. అసలు పది పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగిన మామూలు ప్లగ్గును బాగుచేయడం కంటే మార్చడం మేలు. కచ్చితమైన లెక్క మీ బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకంలోనే గ్యాపు ఎంత ఉండాలో కూడా ఉంటుంది. ఎక్కువ బండ్లకు 0.6 నుంచి 0.9 మిల్లీమీటర్ల మధ్య. దాన్ని ఫీలర్ గేజీతో కొలవాలి. బ్లేడుతో, గోరుతో కాదు.

బిగించేటప్పుడు మన వాళ్ల బలమే మన వాళ్ల శత్రువు. మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతోనే తిరగాలి. వేలు దూరని చోట, పాత పెట్రోలు పైపు ముక్క ఒక జానెడు తీసుకుని ప్లగ్గు తలకు తొడిగి తిప్పండి. మర వంకరగా పడితే పైపు జారుతుందే తప్ప హెడ్డు చెడదు. వాషర్ ఆనిన తర్వాత పానా పట్టాలి. కొత్త ప్లగ్గుకు అర చుట్టు. వాషర్ ఇదివరకే నలిగిన పాత ప్లగ్గుకు చుట్టులో పన్నెండో వంతు, అంటే గడియారంలో పెద్దముల్లు ఐదు నిమిషాలు కదిలినంత. పానాకు పైపు తగిలించి, కాలు బండికి తన్ని బిగిస్తే మర పోతుంది. పోయిన మరకు బంక పూసి, దారం చుట్టి నడిపేవాళ్లు ఉన్నారు. ఒకనాడు ఘాటులో ఇంజను అదుముకున్నప్పుడు ఆ ప్లగ్గు తుపాకీ గుండులా ఎగిరి వస్తుంది, మోపెడ్ మీదైతే కాళ్ల మధ్య నుంచి. మర పోతే లేత్ పని తెలిసినచోట బుష్ వేయించుకోవాలి, వేరే దారి లేదు.

ఇక వీపు మీద మోసే ఇంజను. ఈ హెచ్చరిక ఇంత తొందరగా రాయడానికి అసలు కారణం అదే. టమోటాకు మందు కొట్టని వారం ఉండదు. పవర్ స్ప్రేయర్ రెండు స్ట్రోకుల ఇంజను, పెట్రోలులో నూనె కలిపి పోస్తాం, కాబట్టి ప్లగ్గు తరచూ నల్లబడుతుంది. నల్లబడితే ఏం చేస్తారో పైన రాశాం. తేడా ఒక్కటే. బండి అంటుకుంటే మనిషి దూకి పరిగెత్తగలడు. స్ప్రేయర్ అంటుకుంటే దాని పట్టీలు భుజాలకు బిగించి ఉంటాయి, ట్యాంకు నడుముకు ఆని ఉంటుంది. వీపు మీద మిషన్ ఉండగానే, ఇంజను ఆపకుండానే, వెనకనుంచి కొడుకు పెట్రోలు పోస్తుంటే తండ్రి గట్టు మీద నిలబడే దృశ్యం మనకు కొత్త కాదు. దించండి నాయనా. దించి, ఆపి, పది నిమిషాలు చల్లారనిచ్చి, అప్పుడు పోయండి. ఒలికింది తుడిచి, నాలుగడుగులు అవతలికి తీసుకెళ్లి స్టార్టు చేయండి. ప్లగ్గు విప్పేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి, మందు చేతులతో తుడిచిన ముఖం మంట లేకుండానే మండుతుంది. ప్లగ్గు మాటిమాటికీ నల్లబడుతుంటే నూనె పాళ్లు చూసుకోండి. మిషన్ మీద 25కు 1 అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50కు 1 అంటే 20. ‘ఇంకొంచెం పోస్తే ఇంజనుకు మంచిది’ అనే ప్రేమే ప్లగ్గును చంపేది. కలుపు మిషన్, గడ్డి కోసే మిషన్ ఉన్నవాళ్లు బ్లేడులో ఇరుక్కున్న గడ్డి తీసేముందు ప్లగ్గు క్యాపు పీకి పక్కన పెట్టుకోండి. చేతితో బ్లేడు తిప్పినా ఆ ఇంజను స్టార్టు కాగలదు.

కొత్త ప్లగ్గు కొనేటప్పుడు ‘ఎక్సెల్‌కు ఒకటి ఇవ్వు’ అనడం చాలదు. 1980లో వచ్చిన టీవీఎస్ 50 మొదలు ఇవాళ్టి ఎక్సెల్ 100 దాకా పొరుగునే ఉన్న హోసూరు కంపెనీ మోపెడ్లే మన దారుల మీద ఎక్కువ. పుంగనూరు ఆవులా పొట్టిదే అయినా ఇంటి బరువంతా మోసేది ఆ బండే. కానీ పాత రెండు స్ట్రోకుల దానికీ కొత్త నాలుగు స్ట్రోకుల దానికీ ఒకే ప్లగ్గు కాదు. మర పొడుగు ఎక్కువైతే పిస్టన్ వచ్చి గుద్దుకుంటుంది, తక్కువైతే ఖాళీ మరల్లో కార్బన్ గడ్డకడుతుంది. వేడి అంకె ఇంకో తిరకాసు. ఎన్‌జీకే ప్లగ్గు మీద అంకె పెరిగేకొద్దీ అది చల్ల ప్లగ్గు, బాష్ ప్లగ్గు మీద అంకె పెరిగేకొద్దీ వేడి ప్లగ్గు. ఒకదాని అంకె చూసి ఇంకోటి కొంటే తలకిందులే. పెద్దవాళ్లు ఇప్పటికీ మైకో ప్లగ్గు అని అడుగుతారు. 1951లో మొదలైన ఆ బెంగళూరు కంపెనీయే 2008 నుంచి బాష్ పేరుతో ఉంది. పాత ప్లగ్గును జేబులో వేసుకెళ్లి, అక్షరం అక్షరం పోల్చి కొనండి. సగం ధరకు ఇస్తామంటే, అట్టపెట్టె మీద అచ్చు చెదిరి ఉంటే, పింగాణీ మీద రాత గోటితో గీకితే పోతుంటే అది దొంగ సరుకు.

షెడ్లవాళ్లకు ఒక మాట విడిగా. పెట్రోలు గిన్నె తెచ్చేది, ప్లగ్గు ఆనించి పట్టుకునేది మీరు కాదు, మీ దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లవాడు. ‘ఒరేయ్, పట్టుకోరా’ అన్నది మీరు, కాలేది వాడు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టడమే 2016 బాల కార్మిక సవరణ చట్టం ప్రకారం నేరం. ఆ వయసు దాటినవాడికైనా నేర్పాల్సిన మొదటి పాఠం ప్లగ్గు పానా పట్టడం కాదు, బక్కెట్టెడు ఇసుక ఎక్కడుందో చూపించడం. షెడ్డులో ఇసుక లేకపోతే రేపు పొద్దున తెచ్చి పెట్టండి. మార్కెట్ యార్డులో, బస్టాండ్ల దగ్గరి బండ్ల స్టాండ్లలో కూడా ఉండాలి, ఆ బాధ్యత ఉన్నవాళ్లు ఇది చదువుతున్నారనే అనుకుంటున్నాం. పల్లెల్లో చిల్లరంగడి ముందు నీళ్ల సీసాల్లో పెట్రోలు వరసగా పెట్టి అమ్మడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఎర్రటి ఎండలో, ఫ్రూటీల పక్కన పెడితే పసిపిల్లలు తాగేస్తారు.

ఇంత చెప్పినా ఎక్కడో ఎవరో అగ్గిపుల్ల గీస్తారు. అప్పుడేం చేయాలో కూడా తెలిసి ఉండాలి. బండి అంటుకుంటే బండిని వదిలేయండి, మనుషుల్ని దూరంగా లాగండి. పెట్రోలు మంట మీద నీళ్లు కొడితే పెట్రోలు నీళ్ల మీద తేలి మంటను ఇంకా దూరం మోసుకుపోతుంది. ఇసుక, మట్టి పోయండి, లేదా పొడి చల్లే సిలిండరు వాడండి. ఫైరింజనుకు 101. మనిషి బట్టలు అంటుకుంటే పరిగెత్తనీయకండి, పరుగు మంటకు గాలి. నేల మీద పడుకోబెట్టి దొర్లించండి, మందపాటి నూలు దుప్పటో తడిపిన గోనెసంచో కప్పి అదమండి. మంట ఆరగానే కాలిన చోట నీళ్లు పోయడం మొదలుపెట్టండి. ఇక్కడ నీళ్లే మందు. వాచేలోగా ఉంగరాలు, గాజులు, మొలతాడు తీసేయండి. చర్మానికి అతుక్కున్న గుడ్డను మాత్రం పీకొద్దు. టూత్‌పేస్టు, సిరా, కాఫీపొడి, మంచుగడ్డ, ఏదీ పెట్టొద్దు. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే ఇంకొకరు పోస్తూనే ఉండాలి. బోరు నీళ్లయినా, బిందె నీళ్లయినా, శుభ్రమైన మామూలు చల్లటి నీళ్లు, ఇరవై నిమిషాలు, గడియారం చూసి.